సంతకమునకు ముందు నేర్వదగిన ఇటాలియను మాటలు

ఈ నెల మన శీర్షికకు వచ్చిన యుత్తరములలో నొకటి ఆబిడ్సునుండి వచ్చినది. వ్రాసిన సోదరి కుమార్తెకు ఇటలీదేశమున పాడువా విశ్వవిద్యాలయములో చదువుటకు చోటు దొరకినదట. పాఠములు ఇంగ్లీషులోనే జరుగును గనుక భాషనుగూర్చి చింత యక్కరలేదని పిల్ల చెప్పుచున్నది. తల్లికి మాత్రము సందేహము తీరలేదు. "పాఠము ఇంగ్లీషులో నుండవచ్చును, కాగితములు కూడ ఇంగ్లీషులో నుండునా? తెలియని భాషలో నున్నదానిపై మా పిల్ల సంతకము చేయవలసివచ్చినచో నేమి చేయవలెను?" అని యామె యడుగుచున్నది.

ఆ తల్లి సందేహము సమంజసమైనది. పాడువా విశ్వవిద్యాలయము 1222లో స్థాపితమైనది. 1678లో ఎలెనా కోర్నారో పిస్కోపియా యను విదుషీమణి తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొందినది అచ్చటనే. అట్టి విద్యాపీఠమునకు మన బాలిక పోవుట సంతోషింపదగిన విషయము. అయితే తరగతిగది గడప దాటినంతనే భాష మారును. నివాసానుమతి ఫారము, పన్నుల కార్యాలయమువా రిచ్చు సంఖ్య, గది యద్దె యొడంబడిక, తపాలా రసీదు, ఇవి యన్నియు ఇటాలియనులో నుండును. కౌంటరులో కూర్చున్న యుద్యోగికి ఇంగ్లీషు వచ్చునని నమ్ముకొని పోరాదు.

భయపడవలసిన పని మాత్రము లేదు. కథలు చదువుటకును, సభలో మాటలాడుటకును వేలకొలది మాటలు కావలెను. ఫారములు నింపుటకు నలుబది యేబది మాటలు చాలును. ఏ కార్యాలయమునకు పోయినను అవే గళ్లు, అవే మాటలు, అవే ప్రశ్నలు మరల మరల వచ్చుచుండును. ప్రయాణమునకు రెండు నెలలు గడువున్న పిల్ల దినమునకొక మాట చొప్పున నేర్చినను ఈ పని పూర్తియగును.

నాంపల్లి నేర్పిన పాఠము

పరభాషలోని కాగితము మన నగరమునకు క్రొత్త కాదు. నిజాము రాజ్యమున 1880ల దశకములో పారసీకము స్థానమున ఉర్దూ రాజభాష యైనది. ప్రజలలో సుమారు సగముమంది యింటిభాష తెలుగైనను, న్యాయస్థానములలోను రెవిన్యూ కచ్చేరీలలోను వ్యవహారము ఉర్దూలో నడిచెడిది. ఆ లిపి చదువరాని తెలుగు స్త్రీ, ఎవరో చదివి చెప్పిన మాట నమ్మి వ్రేలిముద్ర వేయవలసివచ్చెడిది. చదివి చెప్పినవారు ధర్మాత్ములైనచో బాధ లేదు. కానిచో పొలము చేయి దాటినదాకా ఆమెకు సంగతి తెలిసెడిది కాదు.

నేడు నాంపల్లి కోర్టుల దగ్గర నిలుచుండి వినుడు. దస్తావేజు, వకాల్తునామా, అర్జీ, నకలు, రసీదు, జామీను, తారీఖు, హాజరు, ఇవి యన్నియు పారసీకమునుండియు అరబ్బీనుండియు వచ్చిన మాటలే. "బయానా ఇచ్చితిమి, కిరాయినామా వ్రాసికొంటిమి" అని చెప్పు గృహిణి తాను పరభాషాపదములు పలుకుచున్నానని తలపనైన తలపదు. అవి యామెకు ఇంటిలోని గిన్నె, చెంబువలె పరిచితములైనవి. బయానా యనగా నేమో తెలియును గనుకనే ఆ సొమ్ము చేతినుండి పెట్టుటకు ముందు పదిసార్లు ఆలోచించును.

ఇటాలియను కాగితపు మాటలను కూడ ఇదే మార్గమున నేర్పవచ్చును. ఇంగ్లీషు మాట ప్రక్కన గాక, మన యింటి మాట ప్రక్కన నిలిపి నేర్పుడు. రసీదు రిచెవూత. నకలు కోప్య. అర్జీ దొమాంద. తారీఖు దాత. సంతకము ఫిర్మ. ఫారము మోదులో. స్టాంపు మార్క ద బొల్లో. గడువు తీరుట స్కదేంత్స. కిరాయినామా కొంత్రాత్తో దఫ్ఫిత్తో. బయానా కపార్ర. ఇచ్చటికే పది మాటలైనవి. అనేక కార్యములలో సగముపని వీనితోనే గడచును.

ఉచ్చారణము

ఇటాలియను పలుకుట తెలుగువారికి సులభము. రెండును అజంతభాషలు; మాటలు చాలవరకు అచ్చుతోనే ముగియును. అందుచేతనే పాశ్చాత్యులు కొందరు తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అని పిలిచిరి. వినుటకు ఇంపైన ఆ పొగడ్తవలన ఇప్పుడు మనకొక ప్రయోజనమును గలుగుచున్నది. ఈ నాలుగు సంగతులు గమనించిన చాలును.

మొదటిది: ఇంగ్లీషు మాటలలో మనము పలుకు ట, డలను విడిచి త, దలను పలుకవలెను. తారీఖును "దాత" యనవలెను గాని "డాటా" యనరాదు.

రెండవది: ద్విత్వమును స్పష్టముగా పలుకవలెను. మనకు కల వేరు, కల్ల వేరు గదా! వారికిని అంతే. "నోనో" యనగా తొమ్మిదవది. "నొన్నో" యనగా తాత. తొమ్మిదవ యంతస్తులోని కార్యాలయమునకు దారి యడుగబోయి తాతగారి నడుగరాదు.

మూడవది: చాప, చుక్క యను మాటలలో మన పెద్దలు పలుకు దంత్య చకారమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇంగ్లీషు అక్షరమాలలోని చివరి యక్షరమును ఇటాలియనువారు తరచుగా అట్లే పలుకుదురు. నివాసము "రెసిదేంత్స" యగును. జడ యను మాటలోని దంత్య జకారము కూడ వారికి గలదు. బడిలో మన పిల్లలు మరచిపోవుచున్న ఈ రెండు ధ్వనులు అమ్మమ్మల నోట నింకను నిలిచియున్నవి. వారి యొద్దనే అభ్యసింపవచ్చును.

నాల్గవది: చివరి యచ్చును మ్రింగరాదు. "నోమె" యనగా పేరు. దానిని "నోమ్" అని కుదించినచో మాట చెడును. ఈ నోమె మన నామమునకు దూరపు చుట్టము. "వేదొవ" యనగా విధవ. సంస్కృతమును, ఇటాలియనుకు తల్లియైన లాటినును ఒకే వంశములోనివగుటచే ఇట్టి పోలికలు కలిగినవి. అంకెలలో నిది మరింత తేటపడును. సప్త యనునది ప్రాకృతములో సత్త యైనట్లే, లాటినులోని ఏడు ఇటాలియనులో "సెత్తె" యైనది. ఎనిమిది "ఒత్తో", తొమ్మిది "నోవె", పది "ద్యేచి". కార్యాలయములలో చీటీ తీసికొని, తన సంఖ్య పిలుచువరకు కూర్చుండవలెను గనుక అంకెలు చెవికి బాగుగా పట్టవలెను.

ఫారములోని గళ్లు

ఫారము పైభాగమున "స్తంపతెల్లో" అను మాట గనబడినచో పెద్ద అచ్చు అక్షరములలో వ్రాయుమని యర్థము. పిమ్మట "కొన్యోమె", "నోమె" అను రెండు గళ్లుండును. మొదటిది ఇంటిపేరు, రెండవది పేరు. మనవలెనే వారును కాగితములలో ఇంటిపేరును తరచుగా ముందు వ్రాయుదురు. పాస్‌పోర్టులో ఏ యక్షరము ఏ గడిలో నున్నదో సరిగా అట్లే ఇచ్చటను వ్రాయవలెను. ఇంట పిలుచు పేరుగాని, బడిలో పెట్టిన పొడి యక్షరములుగాని పనికిరావు. మరియొక విశేషము: 1975నాటి కుటుంబచట్ట సంస్కరణ తరువాత ఇటలీలో వివాహిత స్త్రీ అధికార పత్రములయందు తన పుట్టింటి పేరుతోనే వ్యవహరింపబడును. మీ పెండ్లియైన కుమార్తెను "మీ కొన్యోమె యేమి?" అని యడిగినప్పుడు, పాస్‌పోర్టులో నున్నదే చెప్పవలెను గాని, భర్త యింటిపేరు చెప్పవలెనేమోయని తడబడరాదు.

తరువాత "నాత ఆ" యని యొక గడి, "ఇల్" అని మరియొక గడి యుండును. మొదటిదానిలో జన్మించిన యూరు, రెండవదానిలో జన్మదినము వ్రాయవలెను. స్త్రీకి "నాత", పురుషునికి "నాతో". ఫారములో రెండు రూపములును కలిపి అచ్చువేయుదురు. తారీఖునకు మనవలెనే దినము, మాసము, సంవత్సరము అను వరుస. సంవత్సరమును "అన్నో" యందురు గనుక ఆ గళ్లలో ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి యక్షరము నాలుగుసార్లు కనబడును. చూచి కంగారుపడరాదు.

"చిత్తదినాంత్స" యనగా పౌరసత్వము. స్త్రీ యైనచో "ఇంద్యాన" యని వ్రాయవలెను. "స్తాతో చివీలె" యనగా వివాహస్థితి. అవివాహిత "నూబిలె", వివాహిత "కొన్యుగాత". "దొమిచీల్యో" యనగా ప్రస్తుతము కార్యములు నడపుకొను చోటు. "రెసిదేంత్స" యనగా సాధారణముగా నివసించు చోటు. నగరపాలక కార్యాలయపు పట్టికలో నమోదగునది ఇదే. ఈ రెండును ఎల్లప్పుడు నొకటి కావు.

కాగితము మధ్యలో "ల సొత్తోస్క్రిత్త" యని యొక వాక్యము మొదలగును. ఇది చూచి భయపడవలదు. మన దస్తావేజులలో "ఈ దిగువ సంతకము చేసిన" యని యుండునే, దానికి అక్షరాల సమానమిది. దాని వెనుక వచ్చు "దిక్యార" అను మాటకు "ప్రకటించుచున్నది" అని యర్థము. కాబట్టి ఈ మాట గనబడినచోట మీ పిల్ల ఏదియో ఒక సంగతిని నిజమని యొప్పుకొనుచున్నది. ఆ తరువాతి పంక్తులను అర్థము చేసికొనక ముందుకు పోరాదు.

ఇక "కోదిచె ఫిస్కాలె" యను పన్నుల సంఖ్య. బ్యాంకు ఖాతా, అద్దె యొడంబడిక మొదలగు వానికి ఇది కావలెను. దీనిలో పదునారు గుర్తులుండును. ఇంటిపేరునుండి మూడక్షరములు, పేరునుండి మూడక్షరములు, జన్మ సంవత్సరమునకు రెండంకెలు, మాసమున కొక అక్షరము, దినమునకు రెండంకెలు, పుట్టిన చోటునకు నాలుగు గుర్తులు, చివర తనిఖీకొక అక్షరము. స్త్రీల విషయమున జన్మదినమునకు నలుబది కలుపుదురు. నెలలో 12వ తారీఖున పుట్టిన బాలునికి 12 అనియే యుండును. బాలికకు 52 అని యుండును. ఈ సంగతి తెలియనిచో, తారీఖు తప్పుపడినదని కౌంటరులో వాదమునకు దిగవలసివచ్చును. పేరులోని అక్షరములను, తన దినమునకు నలుబది కలిపిన సంఖ్యను పిల్ల తానే లెక్కించి సరిచూచుకొనవచ్చును.

ఇంగ్లీషు చదివినవారిని తప్పుదారి పట్టించు మాటలు

కొన్ని ఇటాలియను మాటలు ఇంగ్లీషు మాటలను పోలియుండి, వేరర్థము నిచ్చును. "దొమాంద" డిమాండు కాదు; అర్జీ లేక ప్రశ్న. "పరేంతి" యనగా బంధువులు, తలిదండ్రులు "జెనితోరి". "కామెర" ఫొటోలు తీయు యంత్రము కాదు, గది.

"నొతాయో" యనువాడు మన నాంపల్లి నోటరీ కాడు. ఇచ్చట కోర్టుసమీపమున కొద్ది రుసుముతో ప్రమాణపత్రముపై ముద్ర వేయించుకొని వత్తుము. ఇటలీలో నొతాయో ఇండ్ల క్రయవిక్రయములు, వీలునామాలు మొదలగు వానిని వ్రాయించు ఉన్నత న్యాయాధికారి. అతని రుసుము పెద్దది. చిన్నపనికి అతనియొద్దకు పోనక్కరలేదు.

అన్నిటికంటె చిత్రమైనది "ఫెర్యాలె". "ఫేర్యె" యనగా సెలవులు. "క్యూజో పెర్ ఫేర్యె" యని తలుపుమీద నున్నచో సెలవులకు మూసినారని యర్థము; ఆగస్టు 15న వారి పెద్ద పండుగ చుట్టుప్రక్కల ఈ పలక తరచుగా కనబడును. అయితే "జోర్నో ఫెర్యాలె" యనగా పనిదినము! సెలవుదినము "ఫెస్తీవో". ఈ రెంటిని తారుమారు చేసికొన్నవారు ఆదివారము పోయి మూసిన తలుపు చూచి తిరిగివత్తురు.

గడువు చెప్పు "ఎంత్రో" అను చిన్నమాటను కూడ కంఠస్థము చేయవలెను. "ఎంత్రో" యనగా లోపల, "దోపో" యనగా తరువాత. ఎంత్రో 30 అని యున్నచో ముప్పదవ తారీఖు దాటకుండ అని యర్థము.

తపాలా కార్యాలయముతో మొదలు

ఇటలీ చేరిన విదేశీ విద్యార్థి ఎనిమిది పనిదినములలోపల నివాసానుమతికై దరఖాస్తు పెట్టుకొనవలెను. దాని పేరు "పెర్మెస్సో ది సొజ్జోర్నో". ఈ దరఖాస్తు తపాలా కార్యాలయము ద్వారా పోవుట మనకు వింతగా తోచును. అందుకు ఏర్పడిన తపాలా కార్యాలయములలో ఫారముల కట్ట యిత్తురు. నింపి, 16 యూరోల మార్క ద బొల్లో తెచ్చి, పాస్‌పోర్టు నకళ్లు చేర్చి, కవరు అంటింపకుండ తెరచియుంచియే ఇయ్యవలెను. కౌంటరులోనివారు లోపలి కాగితములను చూచిన పిదపనే స్వీకరింతురు. వారిచ్చు రిచెవూతను పాస్‌పోర్టుతోపాటు భద్రముగా నుంచవలెను. అసలు కార్డు వచ్చువరకు పిల్ల ఆ దేశమున న్యాయముగా నున్నదనుటకు ఆ రసీదే ఆధారము. పిమ్మట "క్వెస్తూర" యను పోలీసు ప్రధాన కార్యాలయమునకు నిర్ణీతదినమున పోయి "ఇంప్రోంతె", అనగా వ్రేలిముద్రలు, ఇయ్యవలెను. ఈ వ్రేలిముద్ర మనిషిని గుర్తించుటకే గాని సంతకమునకు బదులు కాదు.

ఈ పనికి మన ఆబిడ్సులోని జనరలు పోస్టాఫీసే మంచి పాఠశాల. ఒక దినము తల్లియు కుమార్తెయు కలిసి పోయి, ఒక కవరు చేతబట్టుకొని, దానిపై నుండు ప్రతి యంశమునకును ఇటాలియను మాట చెప్పుకొనుడు. పంపువాడు "మిత్తేంతె". అందుకొనువాడు "దెస్తినతారియో". చిరునామా "ఇందిరీత్సో". మనకు 1972 ఆగస్టు 15నుండి ఆరంకెల పిన్‌కోడు గలదు. ఆబిడ్సు పోస్టాఫీసుది 500001. వారి సంఖ్యను "కాప్" అందురు, దానిలో ఐదంకెలే. కౌంటరు "స్పొర్తెల్లో". మన దేశమున రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపివేసిరి. ఇటలీలో "రక్కొమందాత" యను పేర రిజిస్టరు ఉత్తరము నడచుచున్నది. అందినట్లు తిరుగు రసీదు కావలెనన్నచో "రిచెవూత ది రితోర్నో" అని చెప్పవలెను.

పట్టాలు, జన్మపత్రములు విదేశమున చెల్లుటకు మన విదేశాంగ మంత్రిత్వశాఖవారు వేయు ముద్రను అపోస్టిలు అందురు. 2005నుండి మన దేశమున ఈ పద్ధతి గలదు. ఇటలీయు దీనిని అంగీకరించిన దేశమే. చదువు పట్టాలకు ముందుగా రాష్ట్రములో పరిశీలన జరుగవలెను గనుక ఈ పని చివరి వారమునకు త్రోయరాదు. ఆ కాగితముల ఇటాలియను అనువాదమును "త్రదుత్సియోనె" యందురు.

కౌంటరు ముందట

ముందుగా ఒక మర్యాద. మనకు నీవు, మీరు అను భేదమున్నట్లే వారికిని గలదు. స్నేహితురాలిని "తు" అనవచ్చును. ఉద్యోగిని "లేయి" యనవలెను. ఈ లేయి యను మాటకు మూలార్థము "ఆమె". ఎదుట నున్నది మీసముల పోలీసు అధికారియైనను గౌరవముకొరకు "ఆమె" యనియే సంబోధింతురు! దిగువ వాక్యములన్నియు ఆ మర్యాదరూపములోనే యున్నవి.

"బ్వోన్‌జోర్నో." నమస్కారము. ఇది చెప్పక పని యడుగుట అచ్చట అమర్యాద.

"ఓ ఉన్ అప్పుంతమేంతో." నాకు రమ్మని సమయ మిచ్చియున్నారు.

"నోన్ ఓ కపీతో." నాకు అర్థము కాలేదు.

"ప్యూ ప్యానో, పెర్ ఫవోరె." దయచేసి మెల్లగా చెప్పుడు.

"ప్వొ స్క్రీవెర్లో?" అది వ్రాసి యియ్యగలరా?

"కె కోస మాంక?" ఇంకను ఏ కాగితము తక్కువైనది?

"క్వాందో దేవో తొర్నారె?" మరల ఎప్పుడు రావలెను?

"కె కోస చె స్క్రిత్తో క్వీ?" ఇచ్చట నేమి వ్రాసియున్నది?

"వొర్రేయి లెజ్జెరె ప్రీమ ది ఫిర్మారె." సంతకము చేయుటకు ముందు చదువగోరుచున్నాను.

"పొస్సో అవేరె ఊన కోప్య?" నాకొక నకలు దొరకునా?

"మి ద ల రిచెవూత, పెర్ ఫవోరె?" రసీదు ఇచ్చెదరా?

ఈ పదకొండింటిలో చివరి నాలుగు మన పిల్లలకు వెన్నుదన్ను. మన బాలికలను చిన్ననాటినుండి "పెద్దలు చూపినచోట సంతకము పెట్టుము" అని పెంచుచున్నాము. ప్రశ్న వేసినచో ఎదుటివారికి కోపము వచ్చునేమోయని వారికి సంకోచము. చదివెదనని చెప్పుటలో అవిధేయత లేదు. ఇటలీలోని యుద్యోగికిని ఆ మాట క్రొత్త గాదు. ఈ వాక్యమును ఎంత నిదానముగా, ఎంత మర్యాదగా చెప్పవచ్చునో ఇంటిలోనే పదిసార్లు పలికించి అలవాటు చేయవలెను.

గది యద్దె

ధనము పోవుటకు ఎక్కువ యవకాశమున్న చోటు ఇదియే గనుక దీనిని వేరుగా చెప్పుచున్నాము. ఇంటి యజమాని ముందుగా అడుగు సొమ్ము మూడు విధములు. "అక్కోంతో" యనగా మొత్తములో కొంత ముందుగా చెల్లించుట. బేరము కుదరనిచో సామాన్యముగా తిరిగి రావలెను. "కపార్ర" యనగా బయానావంటిది. చట్టములో చెప్పిన "కపార్ర కొన్ఫెర్మతోరియ" యైనచో, ఇచ్చినవారు మాట తప్పిన పోవును, పుచ్చుకొన్నవారు మాట తప్పిన రెట్టింపు ఇయ్యవలెను. "దెపోసితో కౌత్సియొనాలె" యనగా గది విడుచునాటికి తిరిగి వచ్చు పూచీసొమ్ము. 1978నాటి చట్టము ప్రకారము ఇది మూడు నెలల యద్దెకు మించరాదు. రసీదుమీద ఈ మూడింటిలో నే మాట వ్రాసిరో చూడకుండ చెల్లించిన పిల్ల, ఊరు మారవలసివచ్చిన నాడు సొమ్మును అడుగుటకు హక్కున్నదో లేదో కూడ చెప్పజాలదు.

ముప్పదిదినములకు మించిన యద్దె యొడంబడికను పన్నుల కార్యాలయమున నమోదు చేయింపవలెను. "కొంత్రాత్తో రెజిస్త్రాతో" యనగా నమోదైన యొడంబడిక. నమోదు లేనిదైనచో అది న్యాయముగా చెల్లదు. "నోటిమాట చాలును, కాగితమెందుకు?" అని యజమాని యెంత తీయగా చెప్పినను వినరాదు. "దిజ్దెత్త" యనగా గది ఖాళీ చేయుదుమను ముందస్తు తెలియజేత. "ప్రెఅవ్వీసో" యనగా దానికి గల గడువు. ఈ రెండు మాటలను ఒడంబడికలో వెదకి, ఎన్ని నెలలు ముందుగా చెప్పవలెనో గుర్తువ్రాసికొని, ఆ తెలియజేతను రక్కొమందాత ద్వారానే పంపవలెను.

తల్లులు చేయవలసిన పని

ఆదివారము ఆబిడ్సు కాలిబాటలమీద పాతపుస్తకముల యంగళ్లు పరచియుండును. ఒక చిన్న ఇటాలియను నిఘంటువు దొరకినచో కొనుడు. దొరకనిచో చరవాణిలోని అనువాద యంత్రము కలదు. ఆ యంత్రము మాటకు మాట చెప్పగలదు గాని, ఏ మాటయొద్ద ఆగవలెనో, ఏ సంగతిని ప్రశ్నింపవలెనో చెప్పజాలదు. అది పిల్లకే తెలియవలెను. అందుచేత ఒక చేతిపుస్తకములో మూడు వరుసలు గీయుడు. మొదటి వరుసలో ఇటాలియను మాటను, రెండవదానిలో దాని పలుకుబడిని తెలుగులిపిలోను, మూడవదానిలో మన యింటి మాటను వ్రాయుడు. పుస్తకమునకు రెండు ప్రతులుండవలెను: ఒకటి పిల్లతో పోవును, రెండవది తల్లియొద్ద నుండును.

తల్లి కెందుకని అడుగవచ్చును. కుమార్తె దూరదేశమునుండి ఒక కాగితపు ఫొటో పంపి, "అమ్మా, రేపు దీనిమీద సంతకము పెట్టుమనుచున్నారు" అన్నప్పుడు, "దానిలో కపార్ర యని యున్నదా, దెపోసితో యని యున్నదా? నకలు ఇత్తురా? ఎంత్రో ఎన్నవ తారీఖు?" అని యడుగగల తల్లి యొక్కతె వెనుక నున్నచో పిల్లకు ధైర్యము. తండ్రియో అన్నయో చూచుకొందురని ఈ పుస్తకమును ప్రక్కకు పెట్టవలదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా మనవి యిదియే. ఈ నెలలో మొదటి పది మాటలను, కౌంటరు వాక్యములలో చివరి నాల్గింటిని మీ యిద్దరును కంఠస్థము చేయుడు. వచ్చు సంచికలో వైద్యశాలలోను, మందుల యంగడిలోను వలయు ఇటాలియను మాటలను వ్రాసెదము. ఇట్టి సందేహములే గల యితర సోదరీమణులు, తమ పిల్లలు ఏ దేశమునకు పోవుచున్నారో, ఏ కాగితము అర్థము కాలేదో తెలిపినచో, ఆ విషయమును కూడ ఈ శీర్షికలో విచారించెదము.